విరిగే చోట చాక్‌పీసు గీత

నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "విమానాలు తయారుచేసిన ఆవిడ" అంటారు. సభల్లో శాలువా కప్పే ముందు మైకులో కూడా అదే మాట చెబుతారు. నేను ఒక్క విమానం కూడా తయారుచేయలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని వాటిని విరగ్గొట్టడం. రెక్కలు, తోకలు, చక్రాల కాళ్లు, ఇంజన్‌ను పట్టి ఉంచే బ్రాకెట్లు, ఇలా వేరేవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి చేసి తెచ్చినవాటిని పెద్ద ఇనుప చట్రానికి బిగించి, అవి విరిగేదాకా బరువు పెంచుతూ పోయేవాళ్లం. ఎంత బరువుకు విరుగుతుంది, ఎక్కడ విరుగుతుంది, విరిగే ముందు ఎలాంటి చప్పుడు చేస్తుంది, ఇవన్నీ నేల మీదే తెలియాలి. తెలిశాకే అలాంటి ఇంకొకదానిలో మనిషిని కూర్చోబెట్టి పైకి పంపాలి.

కొత్తగా ఉద్యోగంలో చేరి ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా నాయిన, "మనింట్ల ఇరిగినయి చాలవా బిడ్డా?" అన్నాడు.

మాది శామీర్‌పేట దగ్గరి ఒక ఊరి దొరల కుటుంబం. నేను పుట్టేనాటికి పేరు మిగిలింది, కోటలాంటి గడి మిగిలింది. భూమి మాత్రం భూసీలింగు చట్టంలో కొంత, కోర్టుల్లో కొంత, మా తాత మాటకు తలూపేవాళ్ల సలహాలతో మిగతాదంతా పోయింది. ఆ తరువాత గడి కూడా పోయింది. ఇప్పుడు ఆ స్థలంలో ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లి భోజనాలకు నేనూ వెళ్లాను. మా అవ్వ పూజగది ఉన్నచోట ఐస్‌క్రీం కౌంటర్ పెడతారు. నాకు ఐస్‌క్రీం ఇష్టం. నిలబడి తిని వచ్చాను. తాత దగ్గర నుంచి నాకు దక్కిన ఆస్తి ఒకటే: ఎవరి ఎదుటైనా నడుము నిటారుగా పెట్టి కూర్చోవడం. దాన్ని ఏ కోర్టూ అడగలేదు.

విరగ్గొట్టే పనిలో మాకు ఒక ఆచారం ఉండేది. పరీక్షకు ముందు, చట్రానికి బిగించిన రెక్క మీద, అది ఎక్కడ విరుగుతుందని అనుకుంటున్నామో అక్కడ ఒక్కొక్కరమూ చాక్‌పీసుతో గీత గీసి పక్కన మా పేరులోని మొదటి అక్షరం వేయాలి. ముందు అందరికంటే చిన్న ఉద్యోగి గీస్తాడు. అందరికంటే చివర డైరెక్టర్ గీస్తాడు. ఎందుకు అలా అని నేను అడిగిన రోజు, మా పెద్దాయన ఒకరు నా చేతిలో చాక్‌పీసు పెట్టి, "ముందు గీయి, తర్వాత తెలుస్తది" అన్నారు. నేను గీసిన మొదటి గీత విరిగిన చోటికి ఎక్కడో దూరంగా పడింది. ఎవరూ నవ్వలేదు. డైరెక్టర్ గీత ఇంకా దూరంగా ఉంది.

రిటైరయ్యాక కొంపల్లిలో ఫ్లాట్ కొనుక్కుని, బాల్కనీలో కూర్చుని ఎదుటి అపార్ట్‌మెంట్ పగుళ్లు చూస్తూ ఉన్న రోజుల్లో, మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి కబురు వచ్చింది. వైస్ చాన్సలర్‌గా రమ్మని. నేను పాఠాలు చెప్పిన మనిషిని కాదు. కానీ ఒక సంస్థ ఎక్కడ విరుగుతుందో చూడాలన్న ఆసక్తి కలిగింది. చేరిన కొత్తలో నేను చేసింది కూడా అదే. హాస్టల్ మెస్సు, పరీక్షల విభాగం, బస్సులు, దేని దగ్గరికి వెళ్లినా దీని మీద బరువు పెరిగితే ముందు ఏ మూల చిట్లుతుందని చూసేదాన్ని. జనం దాన్ని తనిఖీ అనుకున్నారు.

విశ్వవిద్యాలయం పెట్టిన చైర్మన్‌ది మా పక్క ఊరే. కోళ్ల ఫారాలతో మొదలుపెట్టి పైకి వచ్చిన మనిషి. మొదటి రోజే టీ తాగుతూ, నవ్వుతూ, "మేడమ్, మా తాత మీ గడి ముంగటి నుంచి పోవాలంటే చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోడట. ఇగ మీరొచ్చి నా దగ్గర కొలువు చేయవడితిరి. కాలం చూడున్రి," అన్నాడు.

నేను నవ్వలేదు. తల దించనూ లేదు. "చెప్పులు చేత పట్టించి నడిపించడం తప్పే. అది మీరు చెప్పాల్సిన మాటే, నేను వినాల్సిన మాటే. మరి ఇప్పుడు పని సంగతి చెప్పండి," అన్నాను.

ఆయన నన్ను కొత్తగా చూసి, "ఇంకో చాయ్ చెప్పాల్నా?" అని అడిగాడు. మేం అక్కడి నుంచి మొదలుపెట్టాం.

ఆవరణ చివర, ప్రహరీ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. ఏరోనాటికల్ విభాగం పిల్లలు పనిచేసుకునే చోటు. అందరూ కంప్యూటర్ కోర్సులకే ఎగబడుతున్న ఈ రోజుల్లో ఆ విభాగంలో చేరేవాళ్లు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చారు. చైర్మన్ ఒకరోజు నా గదికి వచ్చి సూటిగా చెప్పాడు.

"ఏమనుకోవద్దు మేడమ్. గా షెడ్డు తీసేసి కంప్యూటర్ బ్లాక్ కడ్త. ఈ బ్యాచ్ బయటికి పోయినంక ఏరోనాటికల్ బంద్. కింది క్లాసులోళ్లను వేరే బ్రాంచిలకు మారుస్త."

"షెడ్డు లేకపోతే విభాగం లేనట్టే," అన్నాను.

"గదే చెప్తున్న."

"ఈ బ్యాచ్ పిల్లలు ఏడాదిగా కర్రతో ఒక రెక్క చేస్తున్నారు. దాన్ని పరీక్షించడం చూసి నిర్ణయం తీసుకోండి."

"రెక్క నేను చూసిన. మంచిగుంది. ఎంట్రెన్స్ హాల్ల వేలాడదీద్దాం. ఇన్‌స్పెక్షన్ టీమ్‌లొస్తయి, తల్లిదండ్రులొస్తరు, దాని కింద నిలవడి ఫోటోలు దిగుతరు."

"దాన్ని విరగ్గొట్టడానికి చేశారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏడాది సంది చేసి ఇరగ్గొడ్తరా? మస్తు ముచ్చట చెప్పిన్రు. మా ఫారంల కోడి మీద ఎక్స్‌పరిమెంట్ చేస్తే, పోనీ కూరన్న అయితది."

తరువాత నేను ఒక సమావేశం కోసం నగరంలోకి వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తే, ఎంట్రెన్స్ హాలులో రెక్క వేలాడుతోంది. తెల్ల రంగు నిగనిగలాడుతోంది. పై భాగంలో రెండు హుక్కులు బిగించి, ఇనుప తీగలతో కప్పుకు కట్టారు. కింద బంతిపూల దండ. నాలుగో సంవత్సరం పిల్లలు మెట్ల మీద వరుసగా కూర్చుని, ఎవరో పోయినట్టు దానికేసి చూస్తున్నారు.

ఆ రెక్క లెక్కంతా వేసింది ఒక అమ్మాయి. దుండిగల్ పిల్ల. తండ్రి వారమంతా షేర్ ఆటో నడుపుతాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, తల మీదుగా పోయే శిక్షణ విమానాలను చూస్తూ పెరిగింది. ఆ అమ్మాయి లేచి, "మేడమ్, ఇగ దీన్ని టెస్ట్ చేయరా?" అని మెల్లగా అడిగింది.

"ఎందుకు చేయరు? దించండి," అన్నాను.

హుక్కులు తీసి, రంధ్రాలు పూడ్చి, రంగు వేయించి రెక్కను షెడ్డుకు పంపించాను. చైర్మన్‌కు ఫోన్ చేశాను. బతిమాలలేదు, పిలిచాను. "శుక్రవారం పొద్దున పరీక్ష. మీరు వచ్చి చూడండి. రెక్క ఓర్వాల్సిన బరువు ఓర్వకపోతే షెడ్డు తాళాలు అక్కడే మీ చేతికి ఇస్తాను. ఓరిస్తే షెడ్డు పిల్లలకు ఉండాలి."

"మాటంటే మాటేనా దొరసానమ్మా?" అన్నాడు. ఆ పిలుపుతో ఆయన నన్ను వెక్కిరించాడో, గౌరవించాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"మాటే," అన్నాను.

శుక్రవారం పొద్దున షెడ్డుకు వెళ్లేసరికి రెక్కను తలకిందులుగా చట్రానికి బిగించి ఉంచారు. గాలిలో రెక్కను గాలి పైకి నెడుతుంది. నేల మీద ఆ పని ఇసుక సంచులతో చేయాలి కాబట్టి, రెక్కను బోర్లించి సంచులు పేరుస్తాం. ఇసుక కిందికి నొక్కితే, రెక్కకు అది పైకి నెట్టినట్టే. పెయింటు వాసన ఇంకా పోలేదు. బయట దుండిగల్ వైపు నుంచి ఒక చిన్న విమానం వచ్చి చక్కర్లు కొడుతోంది.

మా డీన్ గోదావరి జిల్లా మనిషి, సుచిత్రలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. మర్యాద విషయంలో లోటు రానివ్వడు. పళ్లెంలో కొబ్బరికాయ, కుంకుమ, కొత్త చాక్‌పీసుల డబ్బా పెట్టుకుని ఎదురొచ్చాడు. చాక్‌పీసుల ఆచారం గురించి నేనే ఆయనకు చెప్పాను. వరుస సంగతి చెప్పడం మాత్రం తట్టలేదు.

"మేడమ్ గారూ, శుభమా అని మొదటి గీత మీరే గీయాలండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో వరుస సంగతి నేనూ పట్టించుకోలేదు. నేను రెక్క చుట్టూ తిరిగి, చట్రానికి బిగించిన మొదలు దగ్గర, లోపల బలం కోసం వేసిన రెండో పొర ఆగిపోయే చోట గీత గీశాను. బలం హఠాత్తుగా తగ్గే చోట్లు అవే. జీవితమంతా చూసిన సంగతి.

డీన్ నా గీత పక్కనే గీశాడు. ప్రొఫెసర్లు దాని పక్కన గీశారు. ఆ తరువాత పిల్లలు. ఒక్కొక్కరూ వచ్చి, వానకు ఒకే గొడుగు కిందికి చేరినట్టు, నా గీత చుట్టూ చేరారు. చివరగా దుండిగల్ అమ్మాయి వచ్చి, చాక్‌పీసు పట్టుకుని రెక్క మధ్య దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చి, ఆ గుంపులోనే సన్నగా ఒక గీత గీసింది.

"నీ లెక్క ఇక్కడే అంటోందా?" అని అడిగాను.

"అంటే... మేడమ్..."

"ఎక్కడ అంటోంది?"

ఆమె డీన్ వైపు చూసింది. "చెప్పమ్మా, ఫర్వాలేదు. మేడమ్ గారు ఏమీ అనుకోరు," అని, అనుకుంటానేమోనని ఆయన నా వైపు చూశాడు.

"ఇక్కడైతే కాదు మేడమ్. కానీ మీరు గీసినంక నేను వేరేకాడ ఎట్ల గీస్త? మంచిగుండదు."

మా తాత వాన వస్తుందంటే గడిలో అందరికీ వాన వచ్చేది. ఎండ కాస్తున్నా గొడుగులు తీసుకొచ్చేవారు. ఆయన ఫలానా కేసు గెలుస్తామంటే వకీలు కూడా గెలుస్తామనేవాడు. మేం ఎక్కడ విరుగుతున్నామో ఆ ఇంట్లో తెలిసినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. వాళ్లకు చాక్‌పీసు ఇచ్చేసరికి తాత గీత ముందే పడి ఉండేది. చిన్నవాళ్లు ముందు ఎందుకు గీయాలని నేను అప్పట్లో అడిగితే, మా పెద్దాయన ఎందుకు జవాబు చెప్పలేదో, రేకుల షెడ్డులో ఆ గీతల గుంపును చూస్తే బాగా తెలిసింది.

"తడిగుడ్డ తెండి. అన్నీ తుడవండి," అన్నాను.

"శుభమా అని గీశాం కదండీ," అన్నాడు డీన్ నీరసంగా.

"శుభం కొబ్బరికాయతో అయిపోయింది. ఇప్పుడు అందరికంటే చిన్నవాళ్లు ముందు. మొదటి సంవత్సరం వాళ్లు ఎవరున్నారు?"

ఈసారి గీతలు రెక్క పొడవునా పడ్డాయి. ఒకడు ఏకంగా కొసన గీశాడు. "ఎందుకురా అక్కడ?" అని స్నేహితులు అడిగితే, "నాకు గట్లనిపిచ్చింది, నీకేంది?" అన్నాడు. దుండిగల్ అమ్మాయి ఈసారి ఆగకుండా నడిచి, రెక్క సగానికి కాస్త ఇవతల గట్టిగా గీసింది. గీశాక కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, చిన్న ప్రార్థన చేసుకుంది. ప్రొఫెసర్లు గీశారు. డీన్ గీశాడు. అప్పుడే చైర్మన్ లోపలికి వచ్చాడు. ఆయనకు ఆచారం వివరించారు.

"అందరికన్న పెద్దోళ్లు ఆఖరుకా? అయితే మీరే ఆఖరు మేడమ్. నేను మీ ముందుగాల గీస్త," అన్నాడు.

"ఇది మీ విశ్వవిద్యాలయం. చివరి గీత మీది," అన్నాను.

"వద్దు వద్దు, మీరు పెద్దింటోళ్లు."

షెడ్డులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నేను చాక్‌పీసు తీసుకుని, ఇంతకు ముందు గీసిన చోటే మళ్లీ గీసి, ఆయన చేతిలో పెట్టాను. నడుము వంచలేదు. వరుసలో ఆయన కంటే ముందు గీశాను, అంతే.

చైర్మన్ గీతలన్నీ చూసుకుంటూ తిరిగి, నా గీత పక్కనే తనదీ గీశాడు. "మీ పనే గది. మీకే ఎరుకుంటది," అన్నాడు. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో రాయకుండా వదిలేస్తాను.

సంచులు పేర్చడం మొదలైంది. పిల్లలు జతలుగా వచ్చి, రెండు వైపులా ఒకేసారి, చప్పుడు కాకుండా దించి వెనక్కి వెళుతున్నారు. రెక్క కొస మెల్లగా కిందికి వంగుతోంది. కొంత బరువు పడ్డాక కర్ర మాట్లాడుతుంది. ఎండాకాలం తలుపులాగా కిర్రుమని, ఆగి, మళ్లీ కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినడం కోసమే నేను అన్నేళ్లు ఉద్యోగం చేశానేమో. చైర్మన్ నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా, "ఇంకెంత ఓర్వాలె?" అని అడిగాడు.

"ఇంకొక్క వరుస."

ఆ వరుస సగంలో రెక్క విరిగింది. పెద్ద చప్పుడేమీ కాదు. ఎండుకర్ర మోకాలి మీద విరిచినట్టు టప్పుమని, సంచులు జారిపడి ఇసుక పారింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేసి, వెంటనే రెండడుగులు ముందుకు వచ్చారు.

నా గీత దగ్గర విరగలేదు. దుండిగల్ అమ్మాయి గీత దగ్గరా విరగలేదు. ఎవరి గీతా లేని చోట, కొసకూ మధ్యకూ నడుమ, విరిగింది.

అక్కడ ఎందుకు? లోపల అతుకు లేదు, మలుపు లేదు, రంధ్రం లేదు. పిల్లలు గీసిన డ్రాయింగు నా కళ్లలో ఉంది. అలాంటి చోట కర్ర విరగడానికి కారణమే లేదు. కారణం లేకుండా ఏదీ విరగదు. షెడ్డు, చైర్మన్, ఇచ్చిన మాట, అన్నీ ఆ నిమిషం నా మనసులోంచి పోయాయి. అది ఎందుకో తెలుసుకోవాలన్న ఆత్రం ఒక్కటే మిగిలింది.

ఆత్రం తగ్గాక మాట గుర్తుకొచ్చింది. చేతిసంచిలోంచి తాళాలు తీశాను. "ఓర్వాల్సినంత ఓర్వలేదు. ఇవిగో," అన్నాను. దుండిగల్ అమ్మాయి నా చేతిలోని తాళాలను చూసింది. ఆమె ఏడవలేదు. వెళ్లి చట్రం కింద ఇసుకలో వెల్లకిలా పడుకుని, విరిగిన చోటును కింది నుంచి చూడసాగింది.

"మేడమ్, లప్పం," అంది కింది నుంచి.

"లప్పమేంది?" అన్నాడు చైర్మన్.

"గోడలకు పెట్టే లప్పం సార్. లోపల కర్రల తెల్లగ కనవడ్తాంది. గుండ్రంగ ఉన్నది."

రెక్క తలకిందులుగా ఉంది. అంటే కింద ఉన్నది పై భాగం. పై భాగాన హుక్కులు బిగించారు. వేలాడదీయడానికి వచ్చిన మేస్త్రీ గట్టి కర్ర ఎక్కడ ఉందో తట్టి చూసి, సరిగ్గా రెక్క వెన్నెముకలో డ్రిల్లు దింపాడు. ఆయన పనికి అదే సరైన చోటు. తరువాత నా మాట మీద ఆ రంధ్రాన్ని లప్పంతో పూడ్చి, రంగు వేశారు. మేమంతా డ్రాయింగులోని రెక్క ఎక్కడ విరుగుతుందో గీతలు గీశాం. డ్రాయింగులో హుక్కులు లేవు.

చైర్మన్‌కు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అంటే గది నా హుక్కే గద," అన్నాడు. డీన్ కొబ్బరిచిప్పల పళ్లేన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"తాళాలు," అన్నాను మళ్లీ, చేయి చాపి.

ఆయన తాళాల వైపు చూడలేదు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు. "ఆగున్రి మేడమ్. గీ ముచ్చట చెప్పున్రి మొదలు. ఇంత పెద్ద రెక్క, వేలు పట్టనంత పొక్కకు ఎట్లిరుగుతది?"

నేను చెప్పాను. బరువు కర్ర పొడవునా పారుతుందని, రంధ్రం దగ్గర దారి లేక పక్కలకు ఒత్తుకుంటుందని, ఆ ఒత్తిడి అంచున చీలిక మొదలవుతుందని. ఆయన విరిగిన అంచు మీద వేలు పెట్టి తడుముతూ విన్నాడు.

"గుడ్డు గూడ గంతే. కంటికి కనవడని చిన్న పగులుంటది. ట్రేల కిందికి పోయిందంటే గదే ముందు పలుగుతది," అని, చట్రం కింద ఉన్న అమ్మాయిని అడిగాడు, "పొక్క లేకుంటే యాడ ఇరిగేదమ్మా?"

"నేను గీసినకాడ," అంది ఆమె.

"మేడమ్ గీసినకాడ కాదా?"

ఆమె చట్రం కింది నుంచి జరిగి బయటికి వచ్చింది. "కాదు సార్."

చైర్మన్ నా వైపు చూసి నవ్వాడు. "మీరేమంటరు మేడమ్?"

"నేను గీసిన చోటే అంటాను," అన్నాను.

"ఎట్ల తెల్వాలె మరి?"

"పొక్క లేని రెక్క ఒకటి చేసి విరగ్గొట్టాలె," అంది ఆ అమ్మాయి. "మేం పాసయి పోతం సార్. జూనియర్లు చేయాలె."

"జూనియర్లు యాడ చేస్తరు?" అన్నాడాయన. ఆ ప్రశ్నకు జవాబు తనే ఇచ్చుకోవాలని అప్పుడు తట్టినట్టుంది. లేచి ఇసుక దులుపుకుని, షెడ్డు రేకుల కేసి, గోడల కేసి చూశాడు. "కంప్యూటర్ బ్లాక్ గా పార్కింగ్ దిక్కు చూస్త. ఇంకో రెక్క ఇరిగేదాక ఇది ఉండనీయున్రి. ఇరగ్గొట్టే నాడు నన్ను పిలువున్రి. ముందుగాలనే పిలువున్రి, గీతలప్పుడే."

తాళాలు సంచిలో వేసుకున్నాను. గెలిచానని చెప్పలేను. రెక్క ఓర్వలేదు, నా మాట ప్రకారం షెడ్డు పోవాలి. తాళాలు నేను ఇచ్చాను, ఆయన తీసుకోలేదు. మా వంశంలో ఎవరికీ ఇలాంటి లెక్క ఎదురైనట్టు వినలేదు.

విరిగిన రెక్క ఇప్పుడు ఎంట్రెన్స్ హాలులో వేలాడుతోంది. ఈసారి రంధ్రాలు వేయకుండా, వెడల్పు పట్టీలతో కట్టించాను. చాక్‌పీసు గీతలు చెరిగిపోకుండా పైన వార్నిష్ కొట్టారు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే చైర్మన్ స్వయంగా దాని కిందికి తీసుకెళ్లి, "యాడ ఇరిగిందో చూడున్రి, మా హుక్కుకాడ," అని చెబుతాడు. తల్లిదండ్రులు తలలు పైకెత్తి, గీతల పక్కనున్న అక్షరాలు చదువుతూ, మీ గీత ఏదని నన్ను అడుగుతారు. అది విరిగిన చోటికి చాలా దూరంలో, మొదలు దగ్గర ఉంది. పక్కనే చైర్మన్‌ది. నేను చేయి చాపి చూపిస్తాను. షెడ్డులో జూనియర్లు కొత్త రెక్కకు కర్ర కోస్తున్నారు. ఈసారి కూడా నేను అక్కడే గీస్తాను.